అంజమ్మక్క కచ్చా కుట్లు

సంగారెడ్డి దగ్గర హైవే పక్కన కార్ల సీటు కవర్లు కుట్టే దుకాణం ఒకటుంది. మొన్న ఆదివారం దాని పక్కనున్న హోటల్లో టీ తాగుదామని ఆగాం. దుకాణం లోపల ఎవరో కొత్త కవర్ ముడతలు పోవడానికి దానికి ఆవిరి పట్టిస్తున్నారు. వేడి ఆవిరి, రెగ్జిన్, దాని కింద ఫోమ్, మూడూ కలిసిన ఆ వాసన టీ వాసనను తోసేసి నా దాకా వచ్చింది. అదేమంత మంచి వాసన కాదు. మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కారెక్కి అద్దాలు బిగించుకుంది. నేను మాత్రం గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. టీ చల్లారిపోయింది. ఆ వాసన తగిలితే చాలు, పటాన్‌చెరులోని ఒక పొడవాటి గది, ట్యూబులైటు కింద వంగిన ఒక నెరిసిన తల, పెదాల మధ్య పట్టుకున్న ఒక వంకర సూది నాకు కళ్లకు కడతాయి. ఆమె పేరు అంజమ్మ. మీలో ఎవరికీ ఆమె తెలియదు, తెలిసే దారీ లేదు. కానీ మీరు ఈ పాతికేళ్లలో కార్లెక్కి తిరిగిన మనుషులైతే, ఆమె చేయి తగిలిన సీటు మీద ఎప్పుడో ఒకసారి కూర్చునే ఉంటారు.

మా నాన్న గుంటూరు వైపు నుంచి రామచంద్రాపురంలో ప్రభుత్వ కర్మాగారం ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. నేను ఆ క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగి, ఇంజనీరింగ్ చదివి, పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కార్లకు సీట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో డిజైన్ ఇంజనీరుగా చేరాను. అప్పట్లో నా పని మీద నాకున్న నమ్మకం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నా ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, బరువు అప్పుడు డెబ్బై లోపే. సీట్లు గీసేవాళ్లు కోరుకునే ఒళ్లు నాది. ఏ కారెక్కినా తల పైకప్పుకు తగలదు, మోకాలు స్టీరింగ్‌కు తగలదు, నడుము ఆనాల్సిన చోటే ఆనుతుంది. అందువల్ల సీటు అనేది మనిషిని బాధపెట్టగలదని నాకు తట్టనే లేదు. కంప్యూటరు తెర మీద ఒక బొమ్మ మనిషి ఉండేవాడు. వాణ్ణి కూర్చోబెట్టి, చుట్టూ సీటు గీసి, కొలతలు కిందికి పంపేవాణ్ణి. వాడు కదిలేవాడు కాదు, వాడికి చెమట పట్టేది కాదు, కాళ్లు తిమ్మిరెక్కాయని ఒక్కనాడూ అనలేదు. అలాంటి మనిషితో పని చేయడం మహా సుఖం.

అంజమ్మక్కది లక్డారం. వ్యవసాయ కుటుంబం. బోర్లలో నీళ్లు అడుగంటాక ఆ ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే ఫ్యాక్టరీ బస్సులెక్కారు. ఆమె కుట్టు సెక్షన్లో చేరి, నేను వచ్చేనాటికి శాంపిల్ గదికి పెద్దదిక్కయింది. కొత్త మోడల్ సీటును మిషన్ల మీద వేలకొద్దీ చేసేముందు, మొదటి ఒకటి రెండింటిని చేత్తో కుట్టి చూసుకునే గది అది. ఆమె ఐదడుగులు కూడా ఉండదు. కంపెనీ ఇచ్చిన నీలం కోటు చేతులను రెండు మడతలు పైకి పెట్టుకునేది. చదువు ఐదో తరగతి. మా ఊళ్ల వాళ్లూ, ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన వాళ్లూ, చివరికి మేనేజరూ ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లు. నేను చేరిన రెండో నెలలో ఒకరోజు ఆరు ఫోమ్ దిమ్మెలు వచ్చాయి. ఆరింటి మీదా ఒకటే చీటీ, గట్టిదనం కూడా ఒకటే అని రాసుంది. ఆమె ఒక్కొక్కదాని మీద ఒక్కసారి అరచేయి నొక్కి తీసి, నాలుగోదాన్ని పక్కన పెట్టేసింది. ఎందుకని అడిగితే, అది లోపల పచ్చిగా ఉందనీ, నెల తిరక్కుండా కుంగిపోతుందనీ చెప్పింది. నమ్మకం కుదరక నేను ఆరింటినీ ల్యాబుకు పంపాను. మర్నాడు రిపోర్టు వచ్చింది. పాడైంది ఒక్క నాలుగోదే. నేను నోరెళ్లబెట్టాను. తర్వాత, ఎంతైనా అనుభవం కదా అని సరిపెట్టుకుని ఆ ఆశ్చర్యాన్ని ఓ మూలన పడేశాను. తమకు అంతుపట్టనిదాన్ని అనుభవం అనేసి వదిలించుకోవడం చదువుకున్నవాళ్లకు బాగా అలవాటు.

ఆ ఏడు వేసవిలోనే యాదగిరి సంగతి నెత్తిన పడింది. యాదగిరి మా ఫ్యాక్టరీ కారు డ్రైవరు. కంది వైపు ఊరు. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, దానికి తగ్గ లావు. ఆయన పక్కన నిలబడితే కారే చిన్నబోయేది. మనిషి మాత్రం ఎప్పుడూ తనను తాను కుదించుకునే ఉండేవాడు. ద్వారబంధం తగలదని తెలిసినా ముందే వంగేవాడు. కుర్చీ చూపిస్తే ముందు దాని కాళ్లు చూసి, నిలబడే ఉంటానులే అనేవాడు. భూమి పోయాక ఆ ఇంటికి ఆయన డ్రైవింగే ఆధారం. ఒకరోజు మేనేజరును తీసుకొస్తుంటే ముత్తంగి దగ్గర ముందున్న ఆటో టక్కున ఆగింది. యాదగిరి బ్రేకు ఆలస్యంగా తొక్కాడు. ఆటో వెనక రేకు కాస్త సొట్టపడింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కారు దిగిన యాదగిరి తలుపు పట్టుకుని ఎంతసేపటికీ అడుగు వేయలేకపోయాడు. అప్పుడు బయటపడింది, గంట దాటితే ఆయన కుడికాలు మొద్దుబారిపోతుందని, రెండేళ్లుగా ఇదే తంతని.

మేనేజరు నన్ను పిలిచి, సీట్లు చేసే కంపెనీలో డ్రైవరుకే సీటు సరిపోలేదంటే నలుగురూ నవ్వుతారు, ఒక నెల చూద్దాం, కుదరకపోతే వేరే డ్రైవర్ని పెట్టుకుందాం అన్నాడు. నేను బయటికొచ్చి యాదగిరికి ధైర్యం చెప్పబోయాను. ఆయన లెక్క వేరుగా ఉంది.

"మీరు తీసేసుడెందుకు సారు, మంచిగ గాకుంటే నేనే తాళాలిచ్చి పోత. నా కాలు బ్రేక్ మీదున్నదో లేదో నాకే ఎర్కయితలేదు. రేపు ఎవరి పిల్లలన్న అడ్డమొస్తే ఏం జేస్త?"

అంతటితో ఊరుకోక, తన ఒంటి వల్ల అందరికీ పరేషానని నాకే క్షమాపణ చెప్పాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, ఎదురుగా ఉన్న పాతికేళ్లవాడికి తన ఒంటి గురించి క్షమాపణ చెప్పడం నాకు బాగా గుచ్చుకుంది. ఎలాగైనా చేసి తీరాలనుకున్నాను.

మర్నాడే శాంపిల్ గదిలో ఒక సీటును బల్ల మీద బిగించి ఆయన్ను కూర్చోమన్నాను. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. నేను ఎదురుగా టేపు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన సీటు ముందు అంచున నిటారుగా కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. కాస్త వెనక్కి ఆనుకోమంటే, ఒక అంగుళం జరిగి, మంచిగనే ఉంది సారు అన్నాడు. నేను మోకాలి నుంచి తుంటి దాకా, తుంటి నుంచి భుజం దాకా, అక్కణ్ణుంచి నడినెత్తి దాకా అన్నీ కొలిచి రాసుకున్నాను. అంజమ్మక్క మూలన కూర్చుని సూదికి దారమెక్కిస్తూ చూస్తోంది. యాదగిరి వెళ్లాక నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగింది.

"ఆయన సీట్ల కూసున్నడా సారూ, నీ ముంగట కూసున్నడా?"

రెండిటికీ తేడా ఏమిటో నాకు తెలియలేదు. అంతా ఒకటే కదక్కా అన్నాను, కాస్త విసుగ్గానే. ఆమె నేనిచ్చిన కొలతల ప్రకారమే కోసింది, కుట్టింది. లావు మనిషి కదా, సుఖంగా ఉండాలని రెండంగుళాల మెత్తటి ఫోమ్ అదనంగా వేయించాను. పన్నెండు రోజుల్లో సీటు తయారై కారులోకి చేరింది. చూడ్డానికి పెళ్లివారింటి సోఫాలా ఉంది. నేను ఫోటోలు కూడా తీసుకుని ఇంట్లో చూపించాను.

రెండు రోజుల తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు, యాదగిరి విమానాశ్రయం నుంచి వచ్చి కారుకు ఆనుకుని పావుగంట నిలబడ్డాడని. నేను పరుగున వెళ్లి అడిగితే, మంచిగనే ఉంది సారు, మీరు గంత కష్టపడి చేసిన్రు అన్నాడు. గట్టిగా నిలదీస్తే తప్ప నిజం బయటికి రాలేదు. ఇదివరకు గంటకు మొద్దుబారే కాలు ఇప్పుడు అరగంటకే మొద్దుబారుతోంది. మెత్తటి ఫోమ్ ఎత్తు పెంచడంతో తల పైకప్పుకు తగులుతోంది. మెడ పట్టేస్తోంది. నేను గదిలోకి వచ్చి నా కొలతలు మళ్లీ సరిచూసుకున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సగం నెల అయిపోయింది. తల కొట్టేసినట్టయి, వెళ్లి అంజమ్మక్క పక్కన ఫోమ్ దిమ్మె మీద కూలబడ్డాను. నేను ముందే చెప్పలేదా అని ఆమె దెప్పిపొడుస్తుందని ఎదురుచూశాను. ఆమె చేతిలో కుట్టు పూర్తి చేసి, దారం తెంపి, అప్పుడంది.

"నువ్వు మంచిగనే కొలిచినవ్ బిడ్డా. గని నువ్వు కొలిచింది ఆయన మర్యాదను. పెయ్యిని గాదు."

ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. పెయ్యి అంటే ఒళ్లు. ఆ మాట అప్పటికి నా తలకెక్కింది. మన దగ్గర ఆఫీసరు నిలబడి ఉంటే ఎవరు మాత్రం సీటంతా కూర్చుంటారు? మేనేజరు గదిలో నేనూ కుర్చీ అంచునే కూర్చుంటాను. మా నాన్న కూడా తన పైఅధికారి ఇంటికి వెళితే అలాగే కూర్చునేవారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా ఒక మనిషి నా ముందు వినయంగా కూర్చున్న తీరుకు టేపు పెట్టి, అదే ఆయన ఒళ్లని కాగితం మీద రాసుకుని, ఆ కొలతకు సీటు చేయించాను. డ్రైవింగ్‌లో ఆయన తొడ ఎంత పొడవు సీటు కోరుతుందో, నడుము ఎక్కడ వాలుతుందో ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇప్పుడేం చేద్దామని అడిగాను. ఆమె కారుకు పాత సీటే మళ్లీ పెట్టించమంది. తర్వాత ఉతికి మెత్తబడిన నూలుబట్ట తెచ్చి, దాన్ని సీటు ఆకారానికి కోసి, నిలువుగా, అడ్డంగా వేలెడు వేలెడు దూరంలో కచ్చా కుట్లు వేసింది. అసలు కుట్టుకు ముందు బట్ట కదలకుండా వేసి, తర్వాత లాగి పారేసే వదులు కుట్టును మా దగ్గర అలా అంటారు. దానికి ఆమె ఎంచుకున్న దారం కూడా గట్టిగా లాగితే తెగే ఒంటిపోగు దారం. ఒళ్లు ఎక్కడ ఒత్తుతుందో, ఎక్కడ లాగుతుందో అక్కడ ఆ పోగు తెగుతుందన్నమాట. యాదగిరికి మాత్రం, ఎండకు సీటు కాలకుండా గుడ్డ వేస్తున్నామని చెప్పింది. రోజూ పొద్దున నిన్నటి గుడ్డ తీసేసి కొత్తది వేసేది. అంతేకాదు, మోకాళ్ల నొప్పులని మేనేజరును అడిగి, వారం పాటు బస్సుకు బదులు యాదగిరి కారులో లక్డారం దాకా వెళ్లే ఏర్పాటు చేసుకుంది. నన్నూ వెనక సీట్లో తన పక్కన కూర్చోమంది.

ఎక్కేముందు నాకు గట్టిగా చెప్పింది. ఆయన వైపు చూడొద్దు, సీటు మాటే ఎత్తొద్దు, చేతిలో కాగితం ఉండొద్దు. "ఆయన నిన్ను మర్సిపోవాలె. గప్పుడు కూసుంటడు." మొదటి రెండు రోజులు యాదగిరి వీపు నిటారుగానే ఉంది. అంజమ్మక్క వెనక నుంచి బర్రెల గురించీ, పత్తి గురించీ, వాళ్ల చుట్టాల్లో ఎవరి పిల్లను ఎక్కడిచ్చారన్న దాని గురించీ తీరుబడిగా మాట్లాడుతూనే ఉంది. మూడోరోజు ఇస్నాపూర్ దాటాక, ఏదో బర్రె పాలివ్వని కథ చెబుతూ చెబుతూ యాదగిరి మమ్మల్ని మరిచిపోయాడు. నా కళ్ల ముందే మనిషి మారిపోయాడు. పైకప్పు తగలకుండా తుంటి ముందుకు జారింది. నడుము వెనక జానెడు సందు ఏర్పడింది. తల ఎడమకు ఒరిగింది. స్టీరింగ్ తగలకుండా కుడి మోకాలు తలుపు వైపు విచ్చుకుంది, ఒంటి బరువంతా ఎడమ తుంటి మీదకు పోయింది. ఇన్నేళ్లూ ఆ మనిషి బండిలో పట్టడం కోసం తన ఎముకలను ఎలా సర్దుకున్నాడో అప్పుడు చూశాను. అంజమ్మక్క బర్రె సంగతి అడుగుతూనే నా మోచేతిని పట్టి నొక్కింది.

వారం గడిచాక ఆమె ఆరు గుడ్డలనూ బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచింది. ఆరింటిలోనూ దారాలు అవే చోట్ల తెగాయి. సీటుకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే అంచుల దగ్గర, ముఖ్యంగా ఎడమవైపు, పోగులు పూర్తిగా పోయాయి. కుడి తొడ కింద సీటు ముందు అంచు దగ్గర ఒక గీత గీసినట్టు తెగాయి. నడుము ఆనాల్సిన చోట మాత్రం ఒక్క పోగూ తెగలేదు. ఆ చోటును ఆయన ఒక్కరోజు కూడా తాకలేదన్నమాట. కంప్యూటరులో ఒత్తిడిని చూపే రంగురంగుల పటాలు ఎన్నో చూశాను గానీ ఒక మనిషి బాధను అంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. ఆమె వేలితో చూపిస్తూ చదువుతోంది. తొడ పొడవుకు సీటు చాలక, కాలంతా ఆ ముందు అంచు మీద వేలాడుతోంది, నరం అక్కడ నలుగుతోంది. పక్క అంచులు తుంటిని రెండు వైపులా బిగించేస్తున్నాయి. నేను చదువుకున్న పుస్తకాల్లో ఉన్నవన్నీ ఆమె ఆ నూలుబట్ట మీద చూపించింది. నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, పెట్టి ఉంటే తిట్టేది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావక్కా అని అడిగాను. దారాలు ఏరుతూ వాళ్ల అత్తగారి గురించి చెప్పింది. ఆవిడ చాలా భారీ మనిషట. ఒక పెళ్లిలో ప్లాస్టిక్ కుర్చీ విరిగి కింద పడితే పందిరంతా నవ్విందట. ఆ తర్వాత ఆవిడ ఇంట్లోంచి బయటికి రావడం మానేసింది. నేల మీద కూర్చుంటే లేవలేదు, మంచం మీద కూర్చుంటే నడుము నొప్పి. కొత్తకోడలైన అంజమ్మ ఒక చిన్న నులక మంచాన్ని సగానికి కోయించి, ఎత్తు పీటలా చేసి, దానికి తానే నులక అల్లింది. ఆవిడ ఎక్కడ నొప్పంటే అక్కడ తాడు వదులు చేసింది, ఎక్కడ కూరుకుపోతుంటే అక్కడ బిగించింది. నెలరోజులు రోజూ ఇదే పని. అత్త నోటితో చెప్పేది కాదట, కోడలికి భారమవుతానని అంతా బాగుందనే అనేది. అందుకని అంజమ్మ ఆవిడ లేచిపోయాక తాళ్లు తడిమి చూసేదట. చివరికి ఒకరోజు అత్తగారు ఆ పీటను వాకిట్లో వేయించుకుని వీధి చూస్తూ కూర్చుందని చెబుతున్నప్పుడు, అంజమ్మక్క మొహంలో వెలుగు నాకింకా గుర్తుంది.

మిగిలిన ఐదారు రోజులూ మేమిద్దరం ఒక్క సీటు మీదే పడ్డాం. నేను ఫోమ్ ఎక్కువ పెడదామంటే ఆమె తీసేద్దామనేది. "లావు మనిషిని మెత్త మీద కూసోబెడ్తే మునుగుతడు బిడ్డా. మునిగినంక ఎటూ మెసలరాదు" అని, అడుగున గట్టి ఫోమ్ వేసి పైన పల్చటి మెత్తదనం మాత్రం ఉంచింది. కూర్చునే చోటును రెండంగుళాలు కిందికి దించాం, తల పైకప్పుకు దూరమైంది. ముందు అంచును నాలుగంగుళాలు పొడిగించి, చివర గుండ్రంగా వంచాం. పక్క అంచులను దాదాపు చదును చేశాం. నడుము దగ్గర ఆమె చేత్తోనే ఒక దిండు మలిచింది, మూడుసార్లు విప్పి మూడుసార్లు కుట్టింది. నా వంతుకు మిగిలింది ఇనుము పని. సీటు జరిగే పట్టాలను వెనక్కి మార్చి, కొత్త బిగింపులు చేయించి, మా పరీక్ష మిషన్ మీద లాగించి, అవి కదలవని తేలాకే కారుకు ఎక్కనిచ్చాను. బెల్టు భుజం మీద సరిగ్గా పడుతోందో లేదో నాలుగుసార్లు చూశాను. ఆ విషయంలో మాత్రం అంజమ్మక్క నా మాటకు అడ్డు చెప్పలేదు. ఇనుము సంగతి నీది, ఇగ నీ ఇష్టం అంది. ఆ ఒక్క మాటకు నేను పొంగిపోయాను.

నెలకు ఇంకో రెండు రోజులుందనగా, జహీరాబాదులో ఏదో సామాను తేవాలన్న వంకతో ముగ్గురం బయల్దేరాం. పోయిరావడానికి మూడు గంటలు పట్టింది. అంజమ్మక్క దారంతా కబుర్లు చెబుతూనే ఉంది. నా ప్రాణం మాత్రం ఆ కుడికాలి మీదే ఉంది. అడగడానికి లేదు, అడిగితే ఆయన ఎలాగూ మంచిగనే ఉందంటాడు. ఫ్యాక్టరీ ఆవరణలో కారాగింది. నేను చూసినంతలో, దూరం పోయొచ్చాక ఎన్నడూ యాదగిరి కారు దిగి తలుపు పట్టుకోకుండా కదిలింది లేదు. ఇంజను ఆపుతుండగానే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన తలుపు తీసి, కాలు కింద పెట్టి, ఫోన్లో భార్యతో గ్యాస్ బండ గురించి ఏదో వాదించుకుంటూ, తలుపును మోచేత్తో మూసేసి, నేరుగా క్యాంటీన్ వైపు నడిచి వెళ్లిపోయాడు. అంత పెద్ద మనిషి ఎండలో చకచకా వెళ్తున్నాడు. నేను ఆయన్ను పిలిచి కాలు ఎలా ఉందో అడగబోయాను. అంజమ్మక్క నా చొక్కా పట్టి ఆపింది, పిలవొద్దంది. మేమిద్దరం వెనక సీట్లోనే కూర్చుని ఆయన క్యాంటీన్ లోపలికి వెళ్లేదాకా చూశాం. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఆమె నాతో ఒక మాట అంది.

యాదగిరి తాళాలు ఇవ్వలేదు. వేరే డ్రైవరు ప్రసక్తీ రాలేదు. ఆ తర్వాత ఎత్తు మనుషులకు, లావు మనుషులకు సరిపడే సీట్లు చేయడమే నా పనిగా మారిపోయింది. అంజమ్మక్క రిటైరయ్యేదాకా ప్రతి కొత్త సీటునూ ముందు ఆమెకే చూపించాను. ఆమె బాగుందనడం అరుదు. రిటైరయ్యాక కూడా లక్డారం వెళ్తే, ముందు నా కారు సీటు తడిమి, తర్వాత మంచినీళ్లిచ్చేది. పోయిన వానాకాలంలో ఆమె కన్నుమూసింది. కబురందగానే పాతవాళ్లం కొందరం బయల్దేరాం. యాదగిరే కారు తెచ్చాడు. ఇప్పుడాయనకు సొంత కారుంది, కంపెనీ పాత కారు ఎప్పుడో పోయింది. పాత బండిలోని ఆ సీటును మాత్రం మా ఫ్యాక్టరీలోనే బిగింపులు మార్పించుకుని దీనిలో పెట్టుకున్నాడు. ఆమెను సాగనంపి తిరిగి వచ్చేటప్పుడు, లక్డారం గేటు దగ్గర హైవే ఎక్కేముందు ఆయన కారు పక్కకు తీసి ఆపేశాడు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అక్క కుట్టిన సీటు మీదనే బతుకుతున్న సారు ఇన్నేండ్ల సంది. ఒక్కనాడన్న యాదికి రాలే. కూసున్న, పోయిన, వచ్చిన. ఇయ్యాల ఆమె పోయినంక యాదికొచ్చింది. నేనేం మనిషిని?"

అప్పుడు నేను ఆయనకు ఆ రోజు సంగతి చెప్పాను. ఆయన గ్యాస్ బండ గురించి వాదించుకుంటూ క్యాంటీన్‌కు వెళ్తున్నప్పుడు, వెనక సీట్లో అంజమ్మక్క నా చొక్కా వదలకుండానే అన్న మాట అది. పిలువకు బిడ్డా, ఆయనకు సీటు యాదిలేదు, కాలు యాదిలేదు, ఇగ మనం గెలిచినం అంది. యాదగిరి మొహం తుడుచుకుని బండి తీశాడు. కొంత దూరం పోయాక తుంటిని వెనక్కి జరుపుకుని, ఆమె మూడుసార్లు విప్పి కుట్టిన ఆ నడుము దిండుకు పూర్తిగా ఆనుకున్నాడు.

ఇప్పటికీ నేను ఎవరినీ నా ఎదురుగా కూర్చోబెట్టి కొలవను. వెనక సీట్లో కూర్చుని, వాళ్లు నన్ను మరిచిపోయేదాకా కబుర్లు చెబుతాను. నా దగ్గర పనిచేసే కుర్ర ఇంజనీర్లకు ఇది టైము దండగలా కనిపిస్తుంది. పరీక్ష అయ్యాక వాళ్లు కాగితాలు నింపుతుంటారు, నేను మాత్రం ఆ మనిషి కారు దిగి ఎలా నడిచి వెళ్తున్నాడో చూస్తుంటాను. అప్పుడప్పుడు ఎవరో ఫోన్ చేసి, మీ సీటు ఎంత హాయిగా ఉందో అని పొగుడుతారు. సంతోషంగానే ఉంటుంది. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఆయనకు సీటు ఇంకా గుర్తుందంటే ఎక్కడో ఏదో సరిచేయాల్సింది మిగిలే ఉందని అనుమానం మొదలవుతుంది.